తెరిచినవాళ్ళే మూయాలి

"ఆ చాకు అక్కణ్ణించి తీసేదాకా నేను టీ పొయ్యను," అంది ఇనా.

"అది కరవదు. పక్కకి జరుపుకుని పొయ్యి," అంది నోరీన్.

"జరపను. నోరు తెరుచుకుని ఉన్న చాకుని నేను ముట్టుకోను."

వెన్నగిన్నెకీ నారింజ జామ్ సీసాకీ మధ్య మూడు అలుగుల మడతచాకు పడి ఉంది. పెద్ద అలుగు పూర్తిగా బయటికి ఉంది. చాకు నోరీన్‌ది. తెరిచింది మాత్రం ఆమె మొగుడు, ఇనా కొడుకు, క్లైవ్. తెల్లారకముందే ఏటి దగ్గర పంపు బాగుచేసుకోవడానికి పోతూ, కుక్కల తిండి బస్తా మూతి కోసుకోమని చాకు తెరిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె బస్తా కోసి వెనక్కి తిరిగేసరికి ట్రక్కు గేటు దాటిపోయింది. ఆ ఇంట్లో ఒకరు తెరిచిన చాకుని ఇంకొకరు మూయరు. ఇనా తల్లి కాలం నుంచీ అంతే. దాన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు గానీ, కాదని మూసినవాళ్ళు లేరు.

"నేను మూస్తాను. ఏమవుతుందో చూద్దాం," అని నోరీన్ ఎడంచెయ్యి చాచింది.

"మా చిన్నాన్న మూశాడు ఒకసారి. సాయంత్రానికల్లా దూడ తన్ని ముందు పళ్ళు రాలాయి."

"మీ చిన్నాన్న తాగేసి దూడ వెనకాల నిలబడ్డాడని క్లైవ్ చెప్పాడే."

"తాగడం రోజూ తాగేవాడు. పళ్ళు ఆరోజే రాలాయి."

నోరీన్‌కి నవ్వొచ్చింది. కోపంలో ఉంది కాబట్టి ఆపుకుంది. కాల్చిన రొట్టె చల్లబడి తోలులా అయింది. అత్తాకోడళ్ళిద్దరూ చాకుకి చెరోవైపు కూర్చుని, వెన్న కావాలంటే దాని చుట్టూ చెయ్యి తిప్పి తీసుకున్నారు. టీ మాత్రం ఎవరూ పొయ్యలేదు.

ఆ కోపం ఇనా మీద కాదని నోరీన్‌కి తెలుసు. చాకు మీద కూడా కాదు.

ఏప్రిల్లో వాగు గట్టు మీద నాలుగు చక్రాల బైకు పల్టీ కొట్టినప్పుడు ఆమె కుడిభుజంలో నరాలు తెగాయి. చెయ్యి ఉంది. కానీ చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఉంది. మెడకి కట్టిన జోలెలో కూర్చుంటుంది, ఇంట్లో ఏ పనీ ముట్టుకోదు. ఎడంచేత్తో ఆమె చాలా నేర్చుకుంది. మేకు దిగ్గొట్టిన చెక్కమీద బంగాళాదుంప గుచ్చి తొక్క తీస్తుంది. గేర్లు మార్చక్కర్లేని ట్రక్కు నడుపుతుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఒక్క చాకే లొంగలేదు. పిడి ఒక చేత్తో పట్టుకుని, అలుగు మీది సన్నటి గాడిలో రెండో చేతి బొటనవేలి గోరు దూర్చి లాగాలి. స్ప్రింగు గట్టిది. గోరు ఉన్న చెయ్యి పిడి పట్టుకోదు, పిడి పట్టుకోవాల్సిన చెయ్యి జోలె దిగదు.

చాకు లేకుండా కొండ మీద ఏ పనీ సాగదు. చలికాలమంతా గొర్రెలకి ఎండుగడ్డి వెయ్యాలి, ఒక్కో కట్టకీ పురికొస కొయ్యాలి. గిట్టలో ఇరుక్కున్న రాయి తియ్యాలి, మురికిపట్టి ముద్దలైన ఉన్ని కొయ్యాలి. ప్రతిదానికీ ఎవరో ఒకరు చాకు తెరిచివ్వాలి, పనయ్యాక మూయడానికి వాళ్ళే మళ్ళీ రావాలి. రెండుసార్లూ నోరీన్ థాంక్స్ చెప్పేది. చెప్పీ చెప్పీ ఆ మాట నోట్లో అరిగిన సబ్బుబిళ్ళలా తయారైంది.

కింద చదునునేల క్లైవ్‌ది, అందులో బంగాళాదుంపలూ బఠాణీలూ వేస్తాడు. కొండమీది గొర్రెలు మాత్రం నోరీన్‌వి. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లల్ని వంటింటి పొయ్యి దగ్గర సీసాపాలతో బతికించి, వాటితో మొదలుపెట్టిన మంద అది. ఇప్పుడు పక్క పొలం డగ్ పెండర్ ఆ మందని కొంటానన్నాడు, కొండ కౌలుకి తీసుకుంటానన్నాడు. మంచి మనిషి, మంచి ధరే చెప్పాడు. గొర్రెలు ఈనే రోజులు రాకముందే మాట తేలాలి గనక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చి జవాబు వింటానన్నాడు.

"ఇచ్చేయ్, నోరీన్. నువ్వు పడ్డ కష్టం చాల్లే," అన్నారు అందరూ. ఆ మాట అంత ప్రేమగా అనేవాళ్ళని కసరడానికి కూడా ఆమెకి మనసు రాలేదు.

చివరికి ముందురోజు రాత్రి గిన్నెలు తుడుస్తున్న క్లైవ్‌తో తనే అంది, "ఒక్క పురికొస కొయ్యడానికి మనిషిని కేకెయ్యాల్సినదాన్ని, కొండ మీద నేనెందుకు? ఆదివారం లోపల నా చాకు నేను తెరుచుకోగలిగితే గొర్రెలుంటాయి. లేకపోతే డగ్‌కి ఇచ్చేద్దాం. ఇంక దీని గురించి మాట్లాడొద్దు."

ఆ మాటన్నప్పుడు ఇనా పొయ్యి పక్కన కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని పదాల గళ్ళు నింపుతోంది. పేపరు కదల్లేదు.

*

మధ్యాహ్నం క్లైవ్ వచ్చి, బూట్లయినా విప్పకుండా బల్ల దగ్గరికి నడిచి, తీర్పు చెప్పే జడ్జిలాగా చాకు మూశాడు.

"ఇప్పుడైనా టీ దొరుకుతుందా అమ్మా?"

"పొద్దున్నే దొరికేది. నీ పెళ్ళాం నన్ను రాచిరంపాన పెట్టకపోతే."

"ఇటు రా నోరీన్," అన్నాడు క్లైవ్. "నా పద్ధతి చూడు. పిడి పట్టుకోకు. అలుగు వీపుని రెండువేళ్ళతో చిటికెన పట్టు. పిడిని గాలికొదిలేసి మణికట్టు ఒక్క విదిలింపు విదిలించు. దాని బరువుకి అదే దిగుతుంది."

అతని చాకు పాతది, ఇరుసు వదులై ఉంది. ఒక్క విదిలింపుకి టక్కున తెరుచుకుంది. నోరీన్ తన చాకుతో ప్రయత్నించింది. చాకు తెరుచుకోకుండా వేళ్ళలోంచి జారి, బల్ల మీంచి ఎగిరి, కిటికీలో ఉన్న ఇనా జెరేనియం కుండీలో పడింది. మొక్క నడుం విరిగింది.

"శుభం," అంది ఇనా. "రేపటినుంచి నేను వంటింట్లోకి హెల్మెట్ పెట్టుకునొస్తాను."

ఆరోజునించీ క్లైవ్ సాయంత్రం టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నంతసేపూ ఆమె చాకు ఒళ్ళో పెట్టుకుని, ఇరుసులో నూనె చుక్క వేసి, తెరవడం మూయడం, తెరవడం మూయడం. అంతటితో కాస్త వదులైంది. విదిలిస్తే సగం దిగేది. ఆ మిగతా సగం మాత్రం ఎంతకీ దిగేది కాదు.

డగ్‌కి సంగతి తెలిసింది. ఆ ఊళ్ళో సంగతులు పాలబండి కంటే ముందు నడుస్తాయి. కొండమీది గడ్డి ఎలా ఉందో చూసిపోతానని వచ్చి, టీ తాగుతూ తన చాకు బయటికి తీశాడు.

"ఇదేం పెద్ద విద్య నోరీన్! దేవుడు పళ్ళెందుకిచ్చాడు?" గాడిలో ముందుపళ్ళు ఆనించి, తల అటు, పిడి ఇటు లాగాడు. చాకు తెరుచుకుంది. పైవరస కట్టుడుపళ్ళు కూడా కొంచెం బయటికొచ్చాయి. నాలుకతో సర్దుకున్నాడు.

ఇనా చెంచాతో కప్పు తిప్పుతూ అడిగింది, "నిన్న ఆ అలుగుతో ఏం కోశావు డగ్?"

డగ్ ఆలోచించాడు. "గిట్ట."

"మంచి గిట్టా, కుళ్ళిన గిట్టా?"

డగ్ తన కప్పు కింద పెట్టేశాడు.

అతను వెళ్ళాక నోరీన్ షెడ్డు వెనక్కి పోయి, అలుగు చొక్కాకి తుడిచి, ఎవరూ చూడకుండా పళ్ళతో లాగి చూసింది. తెరుచుకుంది. నోట్లో ఇనుమూ, గొర్రెకొవ్వూ కలిసిన రుచి. పాత పన్నొకటి జివ్వుమంది. ఇది తోటలో కూర్చుని తెరవడానికి పనికొస్తుంది. కాళ్ళు తన్నుకుంటున్న గొర్రె మీద వంగినప్పుడు చాకుని మూతి దగ్గర పెట్టుకోకూడదని ఆమెకి తెలుసు. అయినా డగ్ మీద ఆమెకి ముచ్చటేసింది. ఆమె చాకు తెరుచుకోలేకపోతేనే మంద అతనికొస్తుంది. ఆ మనిషే వచ్చి, కట్టుడుపళ్ళని లెక్కచెయ్యకుండా తెరవడం నేర్పించి వెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం ఊరినించి కొడుకు లాక్లన్ వచ్చాడు. గుమ్మంలోంచే, "అమ్మా, ఐదు సెంట్ల నాణెం తెచ్చుకో!" అని అరిచాడు. చాకు ఊరికే ఇస్తే బంధం తెగుతుందంటారు. నోరీన్ నాణెం అతని చేతిలో పెట్టింది, అతను పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. కొత్త చాకు, నల్లటి పిడి. అలుగు పక్కన బఠాణీగింజంత గుండీ ఉంది.

"బొటనవేలితో గుండీని ముందుకి తోస్తే చాలు. చూడు." టక్. "ఒక్క చెయ్యే! ఒరలో పెట్టుకునే కత్తి కొందామనుకున్నాను గానీ, నాయనమ్మ ఊరుకోదని..."

"మడవని కత్తి నడుముకి కట్టుకుని గొర్రె మీదికి వంగేవాళ్ళకి నేను అత్తగారిగా ఉండను," అంది ఇనా.

నోరీన్ చాకు అందుకుంది. బొటనవేలు జరిపింది. గుండీ తగల్లేదు. తిప్పి చూసింది. గుండీ అవతలివైపుంది, అరచేతిలోకి నొక్కుకుని. రెండోవైపు నున్నగా ఉంది.

ఆ నున్నటివైపు అతనికి చూపించింది.

"షాపులో అదేపనిగా తెరిచి చూశానమ్మా," అన్నాడు లాక్లన్.

"ఏ చేత్తో?" అడిగింది ఇనా.

లాక్లన్ తన కుడిచేతి వంక చూసుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు గేటు వెయ్యడం మర్చిపోయి గొర్రెలన్నీ రోడ్డెక్కినప్పుడు కూడా ఇలాగే ఎర్రబడేవి. "వెనక్కిచ్చేసి వేరేది తెస్తాను. సోమవారం..."

"ఇవ్వను. నాణెం ఇచ్చి కొనుక్కున్నాను," అంది నోరీన్, ఎడంచెయ్యి అతని మెడ చుట్టూ వేసి. "నా కుడిచెయ్యి లేచి వచ్చిన రోజున దీంతోనే మొదటి పురికొస కోస్తాను."

ఆమె నవ్వుతూనే అంది. కానీ సోమవారం కంటే ముందు ఆదివారం వస్తుందని ఆ గదిలో అందరికీ తెలుసు.

*

శనివారం మధ్యాహ్నం సన్నటి మంచువాన పట్టుకుంది. మగవాళ్ళిద్దరూ పంపు దగ్గరికి పోయారు. నోరీన్ ఇస్త్రీ పెట్టింది. ఎడంచేత్తో ఇస్త్రీ చేసేటప్పుడు గుడ్డ పట్టుకోవడానికి రెండో చెయ్యి ఉండదు, కాబట్టి ఒక్కో అంచునీ కళ్ళతో కొలుచుకుంటూ, మెల్లగా పోవాలి. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న ఇస్త్రీయే. బట్టల్ని ఇంత దగ్గరగా మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఇనా ఏప్రన్ ఒకటి తీసింది. నడుం పట్టీ మీద ఎడమవైపు, పై అంచులో, వేలెడంత మేర దారాలు చిట్లి ఉన్నాయి. దాని మీద నోరీనే ఎప్పుడో వేసిన నీలం కుట్టు. ఇంకోటి తీసింది. అదే చోటు, అదే కుట్టు. పాత గళ్ళ ఏప్రన్ మీద కుట్టు మీద కుట్టు. పొయ్యి మూలకి రాసుకుని అరుగుతోందనుకునేది ఇన్నాళ్ళూ. కానీ ఇనా పొయ్యి దగ్గర నిలబడితే మూల తగిలేది కుడివైపు.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"ఇనా, నీ ఏప్రన్లకి ఇక్కడ ఏం రాసుకుంటుంది?"

పేపరు వెనకనుంచి జవాబొచ్చింది. "రాసుకోవడం కాదు. చాకు."

ఇనా పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, పెద్ద పనిలాగా కుర్చీలోంచి లేచి, కుట్టుపెట్టె అడుగునించి ఎముకపిడి చాకు ఒకటి తీసింది. ఒకటే అలుగు. మూసే ఉంది, కానీ పూర్తిగా లోపలికి దిగలేదు. పిడి చీలికలో ఎండి నల్లబడ్డ బిరడాముక్క ఒకటి ఇరికించి ఉంది. అందువల్ల అలుగు వీపు పిడికి పైన కొంచెం తేలి, గోటిగాడి బయటికి కనిపిస్తోంది.

ఇనా ఆ చాకుని ఎడంచేత్తో పట్టుకుంది. గాడిని ఏప్రన్ నడుంపట్టీ అంచుకి తగిలించి, పిడిని కిందికి తోసింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. చాకు తెరుచుకుంది.

"ఎడంచేత్తోనా!" అంది నోరీన్.

"బడిలో పెన్ను ఎడంచేత్తో పట్టుకున్నందుకు వేళ్ళ మీద కొట్టి మాన్పించారు. చాకు పట్టుకున్నదాన్ని కొట్టే ధైర్యం ఎవరికుంటుంది?" కుడివైపు నడుం మీద చెయ్యి వేసి చూపించింది. "ఇక్కడ క్లైవ్ ఉండేవాడు. కిందికి దించితే ఏటవతలికి వినపడేట్టు ఏడ్చేవాడు. వాళ్ళ నాన్న ఆనకట్ట పనుల్లో ఉండి నెలకోసారి వచ్చేవాడు. ఆవులూ, గొర్రెలూ, నేనూ, నడుం మీద వీడూ. ఇంక చాకు తెరవడానికి రెండు చేతులు ఎవరికున్నాయి? అప్పట్లో ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళందరం ఏదో ఒకలాగా తెరిచేవాళ్ళమే. ఒకామె బూటు అంచుకి తగిలించేది. ఇంకొకామె గేటు గొళ్ళేనికి. నాకు ఏప్రన్."

"మరి ఇన్ని రోజులూ చెప్పలేదేం?"

"ముగ్గురు మగాళ్ళు వరసలో నిలబడి నేర్పుతుంటే మధ్యలో నాకు చోటెక్కడ?"

ఇనా చాకుని తొడకేసి నొక్కి మూసింది. తరవాత గొంతు తగ్గించి అంది, "నీకు ఇది చూపిస్తే, గొర్రెలు వదలొద్దని చెప్పినట్టే గదా. ఆ మాట నేననకూడదు. కొండ నీది. కావాలంటే నువ్వే అడుగుతావనుకున్నాను. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు."

బిరడా కోసం క్రిస్మస్‌నాటి షెర్రీ వైను సీసా తెరిచారు. ఇనా బిరడాలోంచి చిన్న ముక్క కోసి, నోరీన్ చాకు చీలికలో ఇరికించింది. క్లైవ్ పోసిన నూనెకి ఇరుసు కదులుతోంది. నోరీన్ తోలుబెల్టు పెట్టుకుని గాడిని బెల్టు పై అంచుకి ఆనించి లాగింది. చాకు జారిపోయింది.

"లాగకు. తొయ్యి."

తోసింది. జారింది. తోసింది. సగం దిగి ఆగింది.

"నడుం ఊగిపోతోంది నీకు. నాకు పిల్లాడి బరువుండేది, నిలకడగా నిలబడేదాన్ని. నీకూ ఉన్నాడుగా కుడివైపు." ఇనా జోలెలో ఉన్న చేతిని గడ్డంతో చూపించింది. "పని చెయ్యడు, తిండి అడగడు, ఏడవడు. క్లైవ్ కంటే ఎంతో నయం."

నోరీన్ పకపకా నవ్వేసింది. నవ్వుతూనే ఆ చేతిని నడుముకి ఆనించుకుంది, నిజంగా నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు. మోకాళ్ళు కొంచెం వంచి నిలబడింది. ఏప్రిల్ తరవాత ఆ చెయ్యి బరువు ఆమెకి అడ్డం కాకుండా ఉండడం అదే మొదలు. గాడి బెల్టుకి తగిలింది. పిడి తోసింది.

టక్.

ఇద్దరూ చాకు వంక చూశారు.

"మళ్ళీ," అంది ఇనా.

పంపు దగ్గరనించి మగవాళ్ళు వచ్చేసరికి బల్ల మీద షెర్రీ సీసా సగం ఖాళీగా ఉంది, అత్తాకోడళ్ళ ముఖాలు ఎర్రగా ఉన్నాయి. ఇదేమిటని క్లైవ్ అడిగితే, బిరడా లేని సీసా నిలవుండదుగా అంది ఇనా. ఇంకేమీ చెప్పలేదు. నోరీన్ కూడా చెప్పలేదు. వంటింట్లో తెరిచింది కొండ మీద తెరిచినట్టు కాదని ఇద్దరికీ తెలుసు.

*

ఆదివారం పొద్దున్న కంచెలమీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంది. గొర్రెల్ని చూసొస్తానని నోరీన్ కోటు తొడుక్కుంటుంటే, "నేనూ వస్తానుండు," అని క్లైవ్ లేచాడు.

"నువ్వు మాంసం ఓవెన్లో పెట్టు," అంది నోరీన్. బయటికొచ్చి చూస్తే ట్రక్కులో పక్కసీటులో ఇనా, మోకాళ్ళ మీద కంబళి కప్పుకుని కూర్చునుంది.

"నేను ఎండ వచ్చిందేమో చూడ్డానికొస్తున్నాను. నాతో నీకేం పని లేదు."

కొండ నడుమ, వల కంచె పక్కన, ఒక గొర్రె పడి ఉంది. చూలుగొర్రె, పొట్ట బరువుగా ఉంది. వెనకకాలు పైకి లాగినట్టుంది. దగ్గరికి వెళ్తే తెలిసింది. గడ్డికట్టల పురికొసలు కంచె తీగకి వేలాడుతున్నాయి, ఒకటి గొర్రె కాలికి మెలికపడి, అది గింజుకున్నకొద్దీ బిగిసిపోయింది. పురికొస కోసినవాళ్ళు దాన్ని జేబులో వేసుకుని రావాలి. కంచెకి తగిలించి, రేపు తీసుకుందాంలే అనుకుని పోకూడదు. ఆమె బదులు రోజూ గడ్డి వేస్తున్నది క్లైవ్. బంగాళాదుంప కంచెకి చిక్కుకోదు, అతనికా అలవాటు లేదు.

నోరీన్ మోకాలితో గొర్రె మెడ అదిమిపట్టి, బెల్టు సంచీలోంచి చాకు తీసింది. ఉన్ని జిడ్డు వేళ్ళకి అంటుకుంది. బెల్టుకి ఆనించి తోసింది. చాకు జారి మంచుగడ్డిలో పడింది. గొర్రె ఒక్క తాపు తన్నింది. కాలు గిట్ట పైన నీలంగా ఉంది.

ట్రక్కు వంక చూసింది. ఇనా అద్దం పైకెత్తుకుని, ముఖం అవతలివైపు తిప్పుకుని కూర్చునుంది. అవతలివైపు చూడ్డానికి రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఒక్క కేక వేస్తే చాలు. ఆ కేక నోరీన్ గొంతుదాకా వచ్చింది కూడా.

చాకు తీసుకుంది. పిడి ప్యాంటుకి తుడిచింది, వేళ్ళు తుడిచింది. జోలెలోని చేతిని నడుముకి ఆనించుకుని ఊపిరి పీల్చుకుంది. గాడి బెల్టు అంచుకి తగిలిందో లేదో బొటనవేలితో తడిమి చూసుకుంది. లాగకు. తొయ్యి.

టక్.

పురికొస ఒక్క కోతకి తెగింది. గొర్రె లేచి, ఒళ్ళు దులుపుకుని, కాలు కుంటుకుంటూ మందవైపు పోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నోరీన్ అలుగు వీపు తొడకి ఆనించి చాకు మూసింది. తెరవడానికీ మూయడానికీ మధ్య ఇంకో మనిషి లేడు. ఆ క్షణాన ఆమెకి వరసగా అందరూ గుర్తొచ్చారు. ఫుట్‌బాల్ ముందు కూర్చుని ఇరుసు వదులుచేసిన క్లైవ్, పళ్ళు సర్దుకున్న డగ్, ఎర్రబడ్డ లాక్లన్ చెవులు. అరిగిపోయిందనుకున్న థాంక్స్ మాట మళ్ళీ నిండుగా నోటికొచ్చింది. వినడానికి గొర్రెలే ఉన్నాయి. అయినా పైకే అంది.

ట్రక్కు అద్దం దిగింది. "ఆ పురికొసలన్నీ జేబులో వేసుకో. అక్కడ వదిలెయ్యకు."

"వదిలింది నేను కాదు."

"తెలుసు," అంది ఇనా. "వాణ్ణి కన్నది నేనేగా."

*

డగ్ ఉతికిన చొక్కా వేసుకుని, షెర్రీ సీసా ఒకటి పట్టుకుని వచ్చాడు. గుమ్మడిముక్కలు, బంగాళాదుంపలు, బఠాణీలు, పుదీనా సాస్ బల్ల మీద సర్ది ఉన్నాయి. నోరీన్ ఆదివారపు పూల గౌను మీద పొలం తోలుబెల్టు పెట్టుకుని వచ్చి కూర్చుంటే, లాక్లన్ ఏదో అనబోయాడు. నాయనమ్మ బల్ల కింద కాలు తొక్కేసరికి ఊరుకున్నాడు.

క్లైవ్ పళ్ళెం తెచ్చి పెట్టాడు. దారంతో చుట్టకట్టి కాల్చిన గొర్రె భుజం, ఇంకా చిటపటలాడుతోంది. దారం కొయ్యడానికి అతను జేబులో చెయ్యి పెట్టాడు.

"ఉండు," అని నోరీన్ లేచి నిలబడింది.

చాకు తీసి, బెల్టుకి తగిలించి, తోసింది. టక్. దారం మూడు చోట్ల కోసి లాగేసి, చాకుని బల్ల మీద వెన్నగిన్నె పక్కన పెట్టింది, తెరిచే ఉంచి.

క్లైవ్ నోరు తెరుచుకున్నాడు. లాక్లన్, "అమ్మా!" అన్నాడు.

డగ్ అలుగు వంక అనుమానంగా చూశాడు. "పొద్దున్న దాంతో ఏం కోశావు నోరీన్?"

"పురికొస. సలసల కాగే నీళ్ళతో కడిగాను, నీలాగా కాదు." జేబులోంచి మంచుకి తడిసిన పురికొసల చుట్ట తీసి క్లైవ్ పళ్ళెం పక్కన పెట్టింది. క్లైవ్ దాన్ని చూశాడు. తల్లిని చూశాడు. అతని చెవులు చూస్తే, ఎర్రబడడం లాక్లన్‌కి ఎవరినించి వచ్చిందో తెలిసింది.

మామూలుగా అలవాటైన చెయ్యి కదా, క్లైవ్ చాకు మూయడానికి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు," అంది నోరీన్. "తెరిచింది నేను."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"నేను అందరికీ ఒక మాట బాకీ ఉన్నాను. ఇన్నాళ్ళూ థాంక్స్ అంటూనే ఉన్నాను గానీ, అన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. ఇవాళ మండట్లేదు. క్లైవ్, నువ్వు నూనె వెయ్యకపోతే ఇది కదిలేది కాదు. లాక్లన్, నీ చాకు నా దిండు పక్కనే ఉంది. డగ్, నీ పళ్ళకి కూడా థాంక్స్. ఇనాకి చెప్పను, చెబితే తిడుతుంది."

"తిడతాను," అంది ఇనా. "మాంసం చల్లారిపోతోంది."

నోరీన్ అలుగు వీపుని తొడకి ఆనించి, పిడి నొక్కి, చాకు మూసి బెల్టు సంచీలో పెట్టుకుంది. తరవాత డగ్ వైపు తిరిగింది.

"గొర్రెలు అమ్మడం లేదు డగ్. కొండ కూడా నేనే చూసుకుంటాను. గొర్రెపిల్లల తోకలు కోసే రోజుల్లో మాత్రం నాకు చేతులు కావాలి, ఎన్ని ఉంటే అన్ని. నువ్వు రావాలి. అడుగుతున్నాను."

డగ్ సరేనని తల ఊపి, మాంసం కోసం తన పళ్ళెం ముందుకు జరిపాడు.